‘ఇంగ్లీషు మందు’ ఎవరిది?

కొండాపూర్‌లో నేను వైద్యం చేసే చిన్న గదికి గత వేసవిలో ఒక పెద్దాయన వచ్చారు. కుమారుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఊళ్ళో వ్యవసాయం చాలించుకొని, మనుమరాలిని చూసుకోవడానికి భార్యతో సహా ఇక్కడికి వచ్చి ఉంటున్నవారు. కుడికాలి బొటనవ్రేలి క్రింద పుండు. పదిహేను రోజులుగా మానడం లేదన్నారు. చూస్తే నెల దాటినట్లున్నది. పన్నెండేళ్ళుగా మధుమేహం. “ఏమి మందులు వాడుతున్నారు?” అని అడిగితే కొంత గర్వంగానే చెప్పారు: “ఇంగ్లీషు మందులు నాలుగు నెలల కింద బందు పెట్టిన సారూ. తెల్లోడు పోయి డెబ్బై అయిదేండ్లు దాటె. ఇంకా వాని మందులు మింగుడెందుకు?”

ఎవరో ఫోనుకు పంపిన సందేశం చదివి చేసిన పని అది. దానితోపాటు మధుమేహాన్ని మూడు నెలలలో సమూలంగా పోగొడతామనే ప్రకటన కూడా వచ్చిందట. మధుమేహాన్ని కుదురుస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారమే నిషిద్ధమని ఆయనకు తెలియదు.

ఆయుర్వేదాన్ని వృత్తిగా స్వీకరించిన నాకు ఆ పెద్దాయన మాట వినసొంపుగా ఉండవలసింది. కాని భయం కలిగింది. పాదం మీద వ్రేలితో తాకితే ఆయనకు తెలియడం లేదు. ఆ సాయంత్రమే కుమారుని పిలిపించి సర్కారు దవాఖానకు పంపించాను. స్వదేశాభిమానం ఒక మనిషిని కాలు పోగొట్టుకొనే అంచుదాకా తీసుకొని వచ్చిందంటే, ఆ అభిమానంలో ఎక్కడో లెక్క తప్పినదన్నమాట. పరాయి పాలన మనకు మిగిల్చినదేమిటి, స్వతంత్రులమై మనం కట్టుకొన్నదేమిటి అనే ప్రశ్నను చరిత్ర ఆచార్యులకు వదిలివేసి ఊరుకొనే వీలు వైద్యునికి లేదు. అది మందుల డబ్బా దాకా వచ్చి కూర్చున్నది.

ముందుగా మాటల సంగతి. తెలంగాణ పల్లెలలో దవాఖాన అంటారు. కృష్ణా, గోదావరి జిల్లాలలో ఆసుపత్రి అంటారు. మొదటిది అరబ్బీ ‘దవా’కు పారశీక ‘ఖానా’ చేరి ఉర్దూ ద్వారా వచ్చినది. రెండవది హాస్పిటల్ అనే మాట తెలుగు నాలుకకు ఒదిగి మారినది. వైద్యశాల అనే మాట పుస్తకాలలో, గోడల మీద బోర్డులలో ఉన్నది గాని జనం నోటిలో లేదు. ఒకే భాష మాట్లాడే ప్రజలు ఒకవైపు మద్రాసు రాజధానిలో దొరల ప్రత్యక్ష పాలన క్రింద, మరొకవైపు రెసిడెంటు కనుసన్నలలో నడచిన నిజాము రాజ్యంలో బ్రతికిన గుర్తు ఆ రెండు మాటలలో నిలిచి ఉన్నది. మా కొండాపూర్ రెండవ దానిలోనిది. (శాతవాహనుల కాలపు అవశేషాలు దొరికిన సంగారెడ్డి జిల్లా కొండాపూర్ వేరు, రెండింటినీ ఒకటిగా భ్రమపడేవారు తరచుగా కనిపిస్తుంటారు.) ‘ఇంగ్లీషు మందు’ అనే మాట మాత్రం రెండు వైపులా ఒక్కటే.

అది నిజంగా ఇంగ్లీషువారిదేనా? పెద్దాయన మానివేసిన మాత్రలలో ఒకటి మెట్‌ఫార్మిన్. దాని మూలం ఐరోపా పల్లెవైద్యంలో వాడుకలో ఉండిన గలేగా అనే మొక్క. ప్రయోగశాలలో తయారైన, దానిలోని పదార్థానికి దగ్గరి రూపాన్ని మధుమేహ రోగులకు ఇచ్చి 1957లో ఫలితాలు ప్రకటించినవాడు ఫ్రాన్సు దేశపు వైద్యుడు జాన్ స్టెర్న్. చలిజ్వరానికి దొరలు పంచిన క్వినైన్ ఆండీస్ కొండలలో పెరిగే సింకోనా చెట్టు బెరడు. 1860 ప్రాంతంలో దాని విత్తనాలను, మొక్కలను అక్కడినుండి తరలించి తెచ్చి నీలగిరులలో నాటించారు. ఆ జ్వరానికి దోమతో గల సంబంధాన్ని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది మన సికింద్రాబాదులో. ఆ దోమలకు తన రక్తం త్రాగనిచ్చిన రోగి హుసేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ముట్టింది. 1902లో నోబెల్ బహుమతి రాస్‌కు ముట్టింది.

ఇంతకంటె మనకు దగ్గరి కథ యల్లాప్రగడ సుబ్బారావు గారిది. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన మద్రాసు మెడికల్ కాలేజీలో చదివే రోజులలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు ధరించారు. శస్త్రచికిత్స బోధించే దొరకు అది గిట్టలేదు. తక్కిన పరీక్షలు బాగుగా వ్రాసినా ఎం.బి.బి.ఎస్. దక్కక, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికి రావలసి వచ్చింది. ఆ యువకునికి చోటిచ్చినది మద్రాసులోని ఆయుర్వేద కళాశాల. అక్కడ ఆయన శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. మన గ్రహణికి దగ్గరగా ఉండే స్ప్రూ వ్యాధి ఆయనను పీడించినప్పుడు ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నారని జీవితచరిత్రకారులు వ్రాశారు. లక్ష్మీపతి గారు కూడా మొదట పాశ్చాత్య వైద్యంలో పట్టభద్రులై, తరువాత ఆయుర్వేదంలోకి వచ్చినవారే.

1920ల ఆరంభంలో అమెరికా వెళ్ళిన సుబ్బారావుగారు, తరువాత లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల ఫలాలు ఈనాటికీ మన ఇళ్ళలో ఉన్నవి. గర్భిణులు మింగే ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసే విధానం ఆయన బృందానిదే. ఆ ఆమ్లమే స్ప్రూ రోగులకూ అక్కరకు వచ్చింది. బోదకాలు నివారణకు ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి మింగించే డి.ఇ.సి. మాత్ర వారి ప్రయోగశాలదే. కీళ్ళవాతానికి వారానికొకసారి మాత్రమే వేసుకోమని డాక్టర్లు ఇచ్చే మెథోట్రెక్సేట్ కూడా అక్కడినుండి వచ్చినదే. 1948లో, దేశం స్వతంత్రమైన మరుసటి ఏడు, ఆయన న్యూయార్కులో మరణించారు. ఇటువంటి మందులను ‘తెల్లవాని మందులు’ అని నెట్టివేయడమంటే, ఖద్దరు కట్టినందుకు పట్టా తగ్గించిన ఆ దొర తీర్పును మనమే ఖాయపరచడం.

ఇంకొక విడ్డూరం. మా వీధిలోని ఏ మందుల దుకాణానికి వెళ్ళినా ఒకవైపు అరలో ‘ఇంగ్లీషు మందులు’, మరొకవైపు అరలో ఆయుర్వేద మందులు. రెండవ అరలోని డబ్బాలమీద కూడా అక్షరాలు ఇంగ్లీషువే. త్రిఫల చూర్ణం మోతాదును తెలుగులో చదువుకొనే అవకాశం తెలుగుదేశంలో లేదు! 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ లేచిన తరువాత ఈ చుట్టుప్రక్కల వేలాది కుటుంబాలు ఇంగ్లీషు భాషతోనే అన్నం తింటున్నవి. ఆ పెద్దాయన కుమారుడూ అంతే. ఇంగ్లీషు తెల్లవానిది గనుక మానివేయుమని ఎవరూ సందేశాలు పంపరు. మందు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అభిమానం పొంగుతుంది. అదీ ముసలివారి మందు దగ్గర.

అయితే వలస పాలన మనకేమీ మిగల్చలేదా? మిగిల్చింది. కాని అది మాత్రలో లేదు, రిజిస్టరులో ఉన్నది.

1822లో కలకత్తాలో కంపెనీవారే ఒక వైద్య పాఠశాల పెట్టి, పాశ్చాత్య వైద్యంతోపాటు ఆయుర్వేద, యునానీ విషయాలను దేశభాషలలో చెప్పించారు. 1835లో బెంటింక్ ప్రభుత్వం దానిని మూసివేసి, ఇంగ్లీషులో బోధించే కళాశాలను తెరచింది. మద్రాసు వైద్య పాఠశాల పుట్టినదీ ఆ సంవత్సరమే. తరువాత 1914లో మద్రాసు రాజధానిలో వైద్యుల రిజిస్ట్రేషను చట్టం వచ్చింది. పాశ్చాత్య పట్టా ఉన్నవారి పేర్లు ఆ పట్టికలోకి ఎక్కినవి. తరతరాలుగా నాడి చూస్తున్నవారిని ఎవరూ నిషేధించలేదు. చట్టం దృష్టిలో వారు లేకుండా పోయారంతే. నిషేధిస్తే తిరుగబడవచ్చు. లేనట్లు చూస్తే ఏమి చేయగలరు?

మనవారు ఊరుకోలేదు. 1921లో మద్రాసు ప్రభుత్వం నియమించిన ఉస్మాన్ సంఘం ప్రశ్నావళి పంపితే, తెలుగుతో సహా అనేక భాషలలో వైద్యులు తమ శాస్త్రాన్ని సమర్థిస్తూ జవాబులు వ్రాశారు. 1923లో నివేదిక వెలువడింది. 1925లో మద్రాసులో ప్రభుత్వ భారతీయ వైద్య పాఠశాల ఏర్పడింది. అది ఘనవిజయమే. అదే 1921లో ఢిల్లీలో తిబ్బియా కళాశాలను ప్రారంభిస్తూ గాంధీగారు మాత్రం మన వైద్యులకూ హకీములకూ రుచించని మాట ఒకటి అన్నారు: పాశ్చాత్య శాస్త్రజ్ఞులలో ఉన్న అన్వేషణా తపన మనవారిలో కొరవడినదని. ఆ మాట మన సభలలో ఎవరూ తలచుకోగా నేను వినలేదు.

స్వాతంత్ర్యానికి ముందు 1946లో భోర్ సంఘం దేశం మొత్తానికి ఆరోగ్య వ్యవస్థను రూపకల్పన చేసినప్పుడు దేశీయ వైద్యానికి అందులో చెప్పుకోదగిన చోటు దొరకలేదు. 1948లో చోప్రా సంఘం రెండు వైద్యాలనూ సమన్వయం చేయాలన్నది. చివరకు 1970లో పార్లమెంటు చేసిన చట్టంతో భారతీయ వైద్యానికి కేంద్ర మండలి, ఒకే పాఠ్యక్రమం, ఒక రిజిస్టరు వచ్చినవి. 2014లో ప్రత్యేక మంత్రిత్వ శాఖ, 2020లో మండలి స్థానంలో జాతీయ కమిషనుకు చట్టం కూడా వచ్చినవి.

నా పేరు ఆ రిజిస్టరులోనే ఉన్నది. దానివలన నాకు గౌరవం కలిగింది, జీవనం సాగింది, పట్టా లేనివారు విషాలను మందులుగా అమ్మకుండా కొంత అడ్డుకట్టా పడింది. అయినా ఒక సంగతి చెప్పక తప్పదు. 1914 నాటి గోడను మనం పడగొట్టలేదు. మనలో కొందరిని లోపలికి తీసుకొని, అదే గోడను మరి నాలుగడుగుల అవతల మళ్ళీ కట్టుకొన్నాము. విరిగిన ఎముకను కట్టే మనిషి, కాన్పు చేసే మంత్రసాని, అడవిలో వేరు త్రవ్వి తెచ్చే గిరిజనుడు ఇప్పటికీ అవతలి వైపే. వలస ప్రభుత్వం చరకుని కాదన్నది. మన ప్రభుత్వం చరకుని అవునన్నది. చరకుడే మూలికల గుర్తులు, పేర్లు మేకల కాపరులనూ గొఱ్ఱెల కాపరులనూ వనచరులనూ అడిగి తెలుసుకోవచ్చునన్నాడు గదా. వారిని ఎవరు అడిగారు?

నిజాము రాజ్యంలో కథ కొంత వేరుగా నడచింది. 1846లో రెసిడెన్సీ ఛాయలో మొదలైన హైదరాబాదు వైద్య పాఠశాలలో పాశ్చాత్య వైద్యాన్ని ఉర్దూలో చెప్పారు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను కూడా ఆ భాషలోనే సాగించింది. అందుకోసం ఒక అనువాద శాఖనే నెలకొల్పారు. శరీరశాస్త్రాన్ని దేశభాషలో చదివి డాక్టరు కావడం అసాధ్యం కాదని ఈ నగరమే నిరూపించింది. 1948 తరువాత, స్వతంత్ర భారతంలో కలిసిన పిమ్మట, ఆ బోధన ఇంగ్లీషుకు మారింది. జనంలో అత్యధికులైన తెలుగువారికి ఉర్దూ కూడా ఏలినవారి భాషే అన్నమాట నిజమే. కాని దాని స్థానంలో తెలుగు రాలేదు గదా.

కొండాపూర్‌కు ప్రక్కనే కొత్తగూడలో కోట్ల విజయభాస్కరరెడ్డి గారి పేరిట వృక్షోద్యానం ఉన్నది. ఉదయం నడకకు వచ్చేవారు ఔషధ మొక్కల మధ్యనుండి పోతుంటారు. అటు వెళ్ళినప్పుడల్లా నాకు సామర్లకోట గుర్తుకు వస్తుంది. 1780లలో కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బరో అక్కడ తోట పెంచి, కోరమాండల్ తీరపు మొక్కలను దేశీయ చిత్రకారులచేత బొమ్మలు వేయించి, తెలుగు పేర్లు అడిగి వ్రాసుకొన్నాడు. సోమిద చెట్టు బెరడు సింకోనాకు బదులుగా జ్వరానికి పనికివస్తుందేమోనని పరీక్షించి 1793లో ప్రకటించాడు. నేటికీ ఆ చెట్టు శాస్త్రీయ నామం ‘సోయ్‌మిడా’. తెలుగు మాటే లాటిన్ వేషం వేసుకొన్నది. రాక్స్‌బరో పేరు చెట్టు పేరు తరువాత శాశ్వతంగా నిలిచింది. ఇది సోమిద అని ఆయనకు చెప్పినవారెవరో, ఎక్కడా లేదు.

స్వతంత్ర దేశం ఈ లెక్కను సరిచేసిందా? 1995లో పసుపు గాయాలను మాన్పుతుందని కనుగొన్నామంటూ అమెరికాలో పేటెంటు పొందితే, మన సి.ఎస్.ఐ.ఆర్. పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించింది. ఆ అనుభవంతో 2001లో ఆరంభించిన సంప్రదాయ విజ్ఞాన నిధిలో లక్షల యోగాలు చేరినవి. గర్వపడవలసిన పనే. అయితే అది గ్రంథాలకు ఎక్కిన విద్యకు కాపలా. నోటి విద్య దానికి వెలుపల ఉన్నది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం, మూలికతో వ్యాపారం చేసేవారు దాని లాభంలో కొంత స్థానికులకు పంచాలన్నది. 2023లో సవరణ వచ్చి, గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకొనేవారికి, ఆయుష్ వైద్యులకు ఆ భారం తొలగించింది. మన వృత్తివారు చాలమంది సంతోషించారు. నేను సంతోషించలేకపోయాను. గ్రంథంలో ఉన్నంత మాత్రాన నేలవేము తనంతట తాను అడవినుండి నడచి రాదు. ఎండలో ఎవరో ఏరుతారు.

ఇక పరీక్షల విషయం. మన మందులలో సీసం, పాదరసం, పాషాణం మోతాదు మించి ఉన్నవని విదేశాలలో గొడవ లేచినప్పుడు, ఎగుమతి చేసే మూలికా ఔషధాలకు ఆ పరీక్షలు 2006 జనవరి నుండి తప్పనిసరి చేశారు. ఎగుమతికి! కొండాపూర్ దుకాణంలో కొనుక్కొనే మనిషికి ఆనాడు ఆ రక్షణ వర్తింపజేయలేదు. పరాయివాడు తినేది శుభ్రంగా ఉండాలి, మనవాడు తినేది ఎట్లున్నా సరే అనే ఈ బుద్ధి కంటె పచ్చి వలస వారసత్వం ఇంకేమున్నది? దాని గురించి ఫోనులో ఒక్క సందేశమూ తిరగదు. చైనాలో తూ యూయూ అనే విదుషి, నాలుగవ శతాబ్దపు తమ వైద్యగ్రంథంలో మూలికను నీటిలో నానబెట్టి రసం పిండమని మాత్రమే ఉన్నదని, కాచమని లేదని గమనించి, వేడి తగ్గించి సారం తీసింది. మనుషులకు హాని చేస్తుందో లేదో ముందు తనమీదనే ప్రయోగించి చూసుకొన్నది. ఆర్టెమిసినిన్ అట్లా పుట్టింది. 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. తమ గ్రంథాన్ని అంత శ్రద్ధగా చదివినందుకే, అంత కఠినంగా పరీక్షించినందుకే.

ప్రమేహానికి పసుపు, ఉసిరిక కలిపి ఇచ్చే యోగం మన గ్రంథాలలో ప్రసిద్ధం. నేనూ ఇస్తాను. నడుస్తున్న మాత్రలను మాన్పించి ఇవ్వను. ఆ మాత్రలు వ్రాసిన డాక్టరుకు తెలియకుండా ఇవ్వను. రెండూ కలిసినప్పుడు చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంటుంది గనుక పరీక్ష చేయించుకోవలసిందే. పాఠకులలో ఎవరైనా రెండు రకాల మందులూ వాడుతూ ఒకరి సంగతి ఒకరికి దాస్తున్నట్లయితే, ఈ వారమే రెండు చీటీలూ ఇద్దరికీ చూపించండి. మధుమేహం ఉన్నవారు రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోండి. కనబడకపోతే అద్దం క్రింద పెట్టుకోండి.

పెద్దాయన మూడు నెలలకు మళ్ళీ వచ్చారు. దవాఖానలో పుండును కోసి శుభ్రం చేసి, కొంతకాలం ఇన్సులిన్ ఇచ్చారట. వ్రేలు దక్కింది. మాత్రలు మళ్ళీ వేసుకొంటున్నారు. గది ముందు కుండీలోని నల్లేరును చూసి ఆగిపోయారు. “దీన్ని మా ఊర్ల గొల్లాయన గొర్రెలకు కాలు ఇరిగితే నూరి కట్టు కట్టేటోడు సారూ. మనుషులకు సుత కట్టిండు. ఈడ దీనికేం పేరు పెట్టిండ్రు?” అని అడిగారు. మా గ్రంథాలలో అస్థిసంహారం అంటారని, మీరు చెప్పిన పనికే వాడతారని చెప్పి, కట్టు ఎట్లా కట్టేవాడో అడిగి వ్రాసుకోవడం మొదలుపెట్టాను. కలం చూసి ఆయన, “ముందుగాల ఆయన పేరు రాయుండ్రి” అన్నారు. వ్రాసుకొన్నాను, ఊరి పేరు కూడా.